ఆండాలు కుంకుమ

7 జనవరి 1938, శుక్రవారం

బొంబాయి రంగుల ఏజెంటు ఆనందరావు కొత్త సంవత్సరానికని ఈ డైరీ ఇచ్చి పోయాడు. తోలు అట్ట, బంగారు అంచు. కుంకుమ అమ్ముకునే వాడికి ఇంత షోకు డైరీ ఎందుకో ఆయనకే తెలియాలి. ఆండాలుకు చూపిస్తే నవ్వింది.

"రాస్కోరాదు. రోజూ నీ ముచ్చట్లు నేనొక్కదాన్నే ఎంతకని వింటా? కొన్ని కాయితం వింటది."

సరే కాయితమా, విను. నా డైరీలో నా పేరు నేనే చెప్పుకోవడం దుకాణానికి బోర్డు కట్టినట్టుంది, అయినా చెబుతాను. నేను వైకుంఠాన్ని. షాలిబండలో పసుపు కుంకుమ దుకాణం, వెనక గల్లీలో ఇల్లు, ఇంట్లో ఆండాలు. పెళ్లయి పన్నెండేళ్లు. పిల్లలు లేరు. అందుకని ఒకరినొకరం గారాబం చేసుకుంటాం, అడ్డు చెప్పేవాళ్లు లేరు.

మా అమ్మ ఉన్నన్నాళ్లు కుంకుమ ఇంట్లోనే అయ్యేది. పసుపు కొమ్ములు నిమ్మరసంలో, పటికలో, వెలిగారంలో నానేసి, నీడన ఎండబెట్టి, దంచి, జల్లించి. ఒక్క వాయికి పదిహేను రోజులు. ఇంతా చేస్తే రంగు ఇటికపొడిలా ఉండేది. ఇప్పుడు ఆనందరావు రంగు డబ్బా ఉంది. పిండిలో ఒక చెంచా కలిపితే పూట తిరిగేలోగా చిలక ముక్కు ఎరుపు. అమ్మ చూసి ఉంటే ముక్కున వేలేసుకునేది. కొత్తగా కలిపినప్పుడల్లా మొదటి చిటికెడు పొట్లం కట్టి ఇంటికి తెస్తాను. అది ఆండాలుది. ఆమె పెట్టుకున్నాకే దుకాణంలో అమ్మకం.

20 జనవరి, గురువారం

ఆండాలు బొట్టు పెద్దదవుతోంది. నిరుడు కందిగింజంత ఉండేది, ఇప్పుడు రేగుపండంత.

"ఏందే, బొట్టు ఇంత పెద్దగైంది?" అన్నాను.

"నీ కుంకుమనే కదా. మంచిగున్నదని పెట్టుకుంటున్న."

పన్నెండేళ్లలో ఆమె నా పనిని మెచ్చుకోవడం ఇది రెండోసారో మూడోసారో. ఆనందం పట్టలేక దుకాణంలో రెండు సార్లు తప్పు తూకం వేశాను.

జహనుమా నుంచి మాకు పాలు తెచ్చే రుక్మాబాయి అని ఒకామె ఉంది. ఇవాళ పాల చెంబు దించుతూ ఆండాలు నొసలు చూసి, "అక్కా, నాకు గూడ గసొంటిదే ఇయ్యి" అందట. ఆండాలు దుకాణానికి పొమ్మందట. వచ్చింది, పట్టుకుపోయింది. వాళ్ల వాడకట్టు ఆడవాళ్లకు కూడా తీసుకుంది.

4 ఫిబ్రవరి, శుక్రవారం

లగ్గాల దినాలు. చేతులకు తీరిక లేదు.

ఇవాళ కొత్త పొట్లాలు అచ్చయి వచ్చాయి. ఎర్ర కాయితం మీద తెలుగులోనూ ఉర్దూలోనూ 'ఆండాలు కుంకుమ'. ఆమెకు చెప్పకుండా చేయించాను. సాయంత్రం ఒక పొట్లం ఆమె చేతిలో పెడితే రెండు సార్లు చదువుకుంది.

"నా పేరెందుకయ్యా?"

"ఎవ్వరి నొసలు చూసి కొంటున్నరో వాళ్ల పేరే ఉండాలె. ఇన్సాఫ్ అంటే గదే."

పొట్లం గూట్లో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. పన్నెండేళ్లయినా సిగ్గు పోలేదు ఈ మనిషికి.

11 ఫిబ్రవరి, శుక్రవారం

ఇవాళ బొట్టు రూపాయి బిళ్లంత. అమ్మవారి లెక్క ఉంది.

16 ఫిబ్రవరి, బుధవారం

పెట్టె తాళంచెవి మరిచిపోయి మధ్యాహ్నం ఇంటికి వెళ్లాను. తలుపు దగ్గరకు వేసి ఉంది. ఆండాలు పెరట్లో నీళ్ల గోళెం దగ్గర ముఖం కడుక్కుంటోంది.

పెళ్లయిననాటి నుంచి నేను ఆమె నొసలు ఖాళీగా చూడలేదు. నేను లేవకముందే లేచి, కడుక్కుని, బొట్టు పెట్టుకుంటుంది. మొగుడి కంట బోడి నొసలు పడకూడదని వాళ్లమ్మ చెప్పి పంపిందట. నేనూ ఎప్పుడూ వింతగా అనుకోలేదు. పొద్దున్నే పొద్దు పొడిచినట్టు పొద్దున్నే బొట్టు ఉంటుంది, అంతే.

నన్ను చూసి గభాల్న తడిచేయి నొసటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆ చేయి తీశాను. తీయనివ్వలేదు, తీశాను.

బొట్టు ఉండే చోట నల్లగా కమిలిపోయి ఉంది. మధ్యలో పగిలి నీరు కారుతోంది. అంచు చుట్టూ తోలు తెల్లగా లేచింది.

"ఏందే ఇది? ఎప్పటిసంది?"

"ఏం లేదు. ఎండకు."

మాఘమాసంలో ఎండ ఎక్కడిది? అంత పెద్ద బొట్టు ఎందుకు పెడుతోందో అప్పుడు అర్థమైంది. మచ్చ పెరిగిన కొద్దీ బొట్టు పెంచింది. నేను అమ్మవారి లెక్క ఉందని రాశాను పైన. కొట్టేద్దామనుకున్నాను గానీ, ఉండనీ.

17 ఫిబ్రవరి, గురువారం

పత్తర్‌గట్టిలో నేనే కొని తెచ్చిన సబ్బు. అదే కారణం. వాసన చూస్తేనే తెలుస్తోంది, అంత ఘాటు వాసన దేహానికి మంచిది కాదు. తీసుకెళ్లి మోరీలో పడేశాను. ముఖానికి పూసుకునే స్నో సీసా కూడా పడేశాను. తలకు రాసుకునే రంగు నూనె కూడా. బట్టల పెట్టెలో పురుగులు పట్టకుండా వేసే తెల్లగోళీలు కూడా ఏరి పారేశాను, నొసటికి వాటికి ఏం సంబంధమని ఆండాలు అడుగుతున్నా వినలేదు. ఈ కాలంలో ఏ డబ్బాలో ఏం పోసి అమ్ముతున్నారో ఎవరికి తెలుసు? లేబుల్ మీద పువ్వు బొమ్మ వేస్తే చాలు, జనం ఎగబడి కొంటారు.

ఇక మీదట సెనగపిండి, కుంకుడుకాయ, కొబ్బరినూనె. నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది.

21 ఫిబ్రవరి, సోమవారం

తగ్గలేదు.

హకీం సాబ్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కొంగు తీయించి చూసి, "మాథే కో క్యా లగాతే మా?" అని, నొసటికి ఏం పూస్తావని అడిగారు. ఆండాలు నోరు తెరిచేలోగా నేనే చెప్పాను, సబ్బు సాబ్, స్నో సాబ్, అన్నీ పారేశాం సాబ్ అని. ఆయన నా ముఖం వంక చూశారు. "ఔర్?" అన్నారు, ఇంకేమిటని. కుంకుమ, అది అందరూ పెట్టుకునేదే కదా అన్నాను. లేపనం ఇచ్చి, పదిహేను రోజులు నొసటికి వేరే ఏదీ తగలనీయొద్దన్నారు. ఏదీ అంటే ఏదీ అని రెండోసారి నాకే చెప్పారు.

వేడి చేసి ఉంటుంది. మజ్జిగ ఎక్కువ తాగమని చెప్పాను. ఆండాలు లేపనం రాసుకుని దాని మీదే బొట్టు పెట్టుకుంది.

22 ఫిబ్రవరి, మంగళవారం

హకీం సాబ్ చూపు మరిచిపోలేకపోతున్నాను. సరే, ఫికర్ ఎందుకు? నా కుంకుమ తప్పు కాదని నాకు తెలుసు, కానీ తేల్చుకుంటే పోయింది. ఇవాళ ఎడమచేతి లోపలి వైపు రూపాయంత బొట్టు పెట్టుకున్నాను. పైన చొక్కా చేయి దించాను. రోజూ కడిగి రోజూ కొత్తది పెడతాను. ఆండాలుకు చెప్పలేదు.

25 ఫిబ్రవరి, శుక్రవారం

చేయి దురదగా ఉంది. దోమలు.

27 ఫిబ్రవరి, ఆదివారం

దోమలు మస్తుగా ఉన్నాయి ఈ ఏడు. మూసీ పక్కనుంచి వస్తున్నాయని సోమయ్య అన్నాడు. పక్క దుకాణం సోమయ్య, గాజులాయన.

1 మార్చి, మంగళవారం

దోమలు గుండ్రంగా రూపాయంత కుట్టవు.

3 మార్చి, గురువారం

రంగుల అద్దకం చేసే ఎల్లప్ప దగ్గరకు వెళ్లాను. ఆనందరావు డబ్బా సంచిలో దాచుకుని వెళ్లాను, దొంగతనం చేసినట్టు. మూత తీసి చూపించాను. చిటికెడు తీసి నీళ్లలో వేశాడు. గోళెం నీళ్లన్నీ ఎర్రబడ్డాయి.

"ఇది గుడ్డల రంగు కదన్నా. చీరెలకు ఏస్తం మేము. నీకెందుకు?"

"మనిషికి ఏమన్న అయితదా?"

ఎల్లప్ప నవ్వి రెండు చేతులూ నా ముందు చాపాడు. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి, నల్లగా పగుళ్లు.

"ఇంకేం కావాలె? మాది పొట్ట తిప్పలు, ముంచక తప్పదు. గుడ్డకైతె ఆరేడు నీళ్లు పోస్తం. ఒంటికి ఎవ్వడు పూసుకుంటడు దీన్ని?"

నేను లేచి వచ్చేశాను. అతనికి దండం కూడా పెట్టలేదు.

ఇంటికి వచ్చి చొక్కా చేయి పైకి మడిచి ఆండాలుకు చూపించాను. చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. లేపనం తెచ్చి రాయడం మొదలుపెట్టింది.

"నీకు తెల్సా?" అన్నాను.

"మూడు నెల్ల సంది తెల్సు."

"ఎట్ల?"

"అత్తమ్మ డబ్బ అడుగున ఆమె చేసింది ఇంత మిగిలుండె. అది పెట్టుకున్న పది దినాలు దురద లేకుండె. అది అయిపోయింది. మళ్ల నీది పెట్టుకున్న, మళ్ల మొదలైంది."

"మరి చెప్పకపోతివేందే!"

నా గొంతు పెద్దదైంది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

"ఎట్ల చెప్పాలె? రోజు సాయంత్రం చెప్పులు ఇడ్వక ముందే రంగు ముచ్చటే చెప్తివి. చిన్న పోరగాని లెక్క మురుస్తివి. ఇంత సంబురం నీ మొకంల నేనెప్పుడు చూడలే. ఒక మచ్చ కోసం దాన్ని ఆర్పాల్నా అనుకున్న. తర్వాత నా పేరు పెట్టి పొట్లాలు తెస్తివి. ఇగ అప్పుడు నోరే రాలేదు."

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, నా డైరీ. ఆమె నా చేతికి లేపనం రాస్తూనే ఉంది.

4 మార్చి, శుక్రవారం

ఇంట్లో పెద్ద లొల్లి. పదిహేను రోజులు బొట్టు మానెయ్యమన్నాను. ఇంతవరకు నా మాటకు ఎదురు చెప్పని మనిషి గంటె నేలకేసి కొట్టింది.

"నువ్వు బతికుండంగ నా నొసలు బోడిగ పెట్టుకొమ్మంటవా? ఏం మాటలయ్యా అవి? నీకేమన్న అయితె?"

"బొట్టు లేకపోతె నాకేం గాదే. బొట్టుతోని నీకైతున్నది."

"ఎవలన్న చూస్తె?"

"ఇంట్లనే ఉండు. నేను నీళ్లు తెస్త, అంగడికి నేనే పోత."

పసుపైనా పెట్టుకుంటానంది. పచ్చి పుండు మీద పసుపు కూడా మండి కళ్ల నీళ్లు వచ్చాయి. తర్వాత నా ఎదురుగా కూర్చుని, కొంగు తడుపుకుని, తనే తుడుచుకుంది. "ఇగ చూడు, కడుపు నిండ చూడు" అంది కోపంగా. నేను చూశాను. పన్నెండేళ్లలో మొదటిసారి నిదానంగా చూశాను. చాలా చిన్న నొసలు. ఇంత చిన్న నొసలని నాకు తెలియదు.

దుకాణం మూసేశాను. ఆ పొట్లాలు అమ్మలేను. ఎందుకు అమ్మడం లేదో చెప్పనూలేను. సోమయ్య అడిగితే తబియత్ బాగాలేదన్నాను. అబద్ధమేమీ కాదు.

అమ్మ లెక్కన నాలుగు సేర్ల పసుపు కొమ్ములు నిమ్మరసంలో నానేశాను. ఆండాలు పటిక ఎంత వేయాలో చెప్పింది. అమ్మ దగ్గర నేర్చుకుందట. నేనెప్పుడూ అడగలేదు.

9 మార్చి, బుధవారం

పుండు తడి ఆరింది. చెక్కు కడుతోంది. ఆండాలు తలుపు వైపు ఎవరి అడుగు వినిపించినా కొంగు కళ్ల దాకా లాక్కుంటోంది.

దుకాణం తెరవలేదు. రేపు తెరుస్తాను. తెరిచి, ఆ రంగు సరుకు అయిపోయిందని చెబితే సరిపోతుంది. వివరాలు ఎవరికి కావాలి? కొన్నవాళ్లు కొన్ని రోజుల్లో వాడేస్తారు, అయిపోతుంది. అందరి ఒంటికీ పడకపోవాలని ఏముంది? ఆండాలుది మెత్తని తోలు.

10 మార్చి, గురువారం

తెరవలేదు.

12 మార్చి, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పెరట్లో రోలు ముందు కూర్చుని, ముందుగా ఎండిన కొమ్ములు నాలుగు దంచుతున్నాను. రుక్మాబాయి పాలు తెచ్చింది. ఆండాలు చెంబు అందుకుంటుంటే కొంగు జారిందట. రుక్మాబాయి ఆ నొసలు చూసి, పాలు గడప దగ్గరే పెట్టి వెళ్లిపోయిందట. ఆండాలు నాకేమీ చెప్పలేదు. మూలకు పోయి కూర్చుంది.

గంట తిరిగేలోగా ముందు గదిలో ఏడుపులు. నేను రోకలి ఆపి విన్నాను. "అయ్యో ఆండాలూ! ఎంత పనాయె బిడ్డా! వారం దినాల సంది దుకాణం తెరవలేదంటె తబియత్ అనుకున్నం గని..." అది సోమయ్య తల్లి లలితమ్మ గొంతు. వెనక రుక్మాబాయి రాగం. ఇంకా నలుగురైదుగురు. మా గల్లీ ఆడవాళ్లంతా మా ఇంట్లోనే ఉన్నారు. బయట సోమయ్య, "ఒక్క మాట చెప్పకపోతిరి, మేం లేమా" అని మగవాళ్లతో అంటున్నాడు.

తబియత్ బాగాలేదన్నాను. దుకాణం మూశాను. ఇంట్లో ఇల్లాలు నొసలు ఖాళీ. వాళ్లు మాత్రం ఇంకేమనుకుంటారు? వాళ్ల లెక్కలో నేను చచ్చిపోయాను.

మోచేతుల దాకా పసుపుతో పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. లలితమ్మ నన్ను చూసి ఒక్క కేక పెట్టి గోడకు ఆనుకుంది. రుక్మాబాయి ఏడుపు సగంలో ఆగిపోయింది. సోమయ్య లోపలికి తొంగి చూసి, "వైకుంఠం భాయ్, నువ్వున్నవా?" అన్నాడు. ఉన్నానన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఒక నిమిషం అందరం నవ్వామనుకుంటాను, ఆండాలు తప్ప.

తర్వాత లలితమ్మ నవ్వు ఆపి అడగవలసింది అడిగింది.

"మరి గిదేందే ఆండాలూ? మొగడు గుండు రాయి లెక్క ఉండంగ నొసలు గిట్ల పెట్టుకుంటరా? అపశకునం కాదా?"

ఆండాలు నా వంక చూసింది. నన్ను కాపాడడానికే చూసింది, ఆ చూపు నాకు తెలుసు.

"స్నో పూసుకుంటె పడలేదమ్మా," అంది. "పత్తర్‌గట్టిల తెచ్చిండు. హకీం సాబ్ బొట్టు..."

"స్నో కాదు" అన్నాను.

ఆమె నన్ను ఊరుకోమన్నట్టు చేయి ఊపింది. నేను ఊరుకుంటే ఇవాళ్టితో అయిపోయేది. దుకాణం నిలిచేది. అమ్మ పద్ధతిన చేసిన కుంకుమ మెల్లగా ఆ పొట్లాల్లోనే పోసి అమ్ముకునేవాణ్ని. అదంతా ఆ గుమ్మంలో నిలబడి ఆలోచించాను, ఆలోచించలేదని రాయను. కానీ ఆమె వాళ్ల ముందు నా కోసం అబద్ధమాడుతూ తల దించుకుని ఉంది. ఆ నొసటి మీద నల్లని చెక్కు నా వైపే ఉంది.

"కుంకుమతోని అయింది," అన్నాను. "నా కుంకుమతోని. గుడ్డల రంగు కలిపి అమ్మిన. నాకు తెల్వక కలిపిన, తెలిసినంక గూడ వారం దినాలు చెప్పకుండ ఇంట్ల కూసున్న. ఇగో నా చెయ్యి గూడ చూడుండ్రి."

చూపించాను. తిడతారనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

రుక్మాబాయి లేచింది. గోళెం దగ్గరకు పోయి కొంగు ముంచుకుని వచ్చి, నా ముందే నిలబడి, నొసలు రుద్దుకుని తుడిచేసుకుంది. ఎర్రదనం పోయాక కింద నల్లగా కమిలిన గుండ్రం, ఆండాలు దానిలో సగమంత.

"అన్నా, నాది పాలు కాసే కాడ పొగకు అయిందనుకున్న," అంది. "మా ఇంటాయనకు కనబడద్దని రోజూ ఇంకింత పెద్దగ పెట్టుకుంటున్న."

లలితమ్మ ఒక్కసారి గట్టిగా నిట్టూర్చి, తన చేత్తో తనే తుడుచుకుంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఆమెకు దద్దు లేచి ఉంది. ఆమె వెనక ఇంకొకామె. ఒకామెకు ఏమీ లేదు, కానీ ఆమె కూడా తుడుచుకుంది. మగవాళ్లు వీధి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. మా ముందు గదిలో ఆరుగురు ఆడవాళ్లు, మొగుళ్లంతా బతికే ఉన్నారు, నొసలు ఖాళీగా నిలబడ్డారు. నలుగురివి ఒక్కలాగే కమిలాయి.

నేను ఈ డైరీ తెచ్చుకుని వాళ్ల ముందు కూర్చున్నాను. "ఇంకెవలెవలు కొన్నరు చెప్పుండ్రమ్మా" అన్నాను. రుక్మాబాయి జహనుమా ఇళ్లు చెప్పింది. లలితమ్మ లాల్ దర్వాజ చుట్టాలను చెప్పింది. బహదూర్‌పురాలో లగ్గమైన పిల్ల, ఇంకా కొత్త కోడలు, సింగారానికని రోజుకు రెండు సార్లు పెట్టుకుంటోందట. చాంద్రాయణగుట్ట దాకా పోయాయి నా పొట్లాలు. ఈ డైరీ వెనక పేజీలన్నీ ఆ ఇళ్ల పేర్లతో నిండాయి.

సాయంత్రం డబ్బా రంగు, మిగిలిన పొట్లాలు పెరట్లో గుంత తీసి పూడ్చాను. మొత్తం జాబితా చదివి, రేపు పొద్దున జహనుమా నుంచి మొదలుపెడతానని ఆండాలుకు చెప్పాను. కొందరు నమ్మరు, అంత మంచి రంగు ఎందుకు ఒద్దంటున్నావంటారు, నా చేయి చూపిస్తానన్నాను.

"నీ చెయ్యి ఎవలు నమ్ముతరు?" అంది. "పొట్లం మీద పేరు నాది. నేనొస్త."

"నొసలు మానినంక వద్దువు గాని."

"మానినంక వస్తె ఏం చూస్తరు?"

కొంగు లేకుండానే వస్తుందట. షాలిబండ నుంచి జహనుమా దాకా, పట్టపగలు, నా పక్కన, ఖాళీ నొసటితో. ఇప్పుడే చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టింది, నావీ తనవీ.